యరాంగా వారి చిమ్మట

ఆ ఏడాది వానలు వెలిశాక మా చెల్లెలు నోర్కా రాజధాని లీమా నుంచి వచ్చి బస్సు దిగింది. దిగింది మా నాన్న పేరు కొట్టెయ్యడానికి. ఇలా అంటే దానికి ఇప్పటికీ కోపం వస్తుంది. రానీ. జరిగింది చెప్పడమే నాకు వచ్చు, నున్నగా చెక్కి చెప్పడం రాదు.

సాతిపో పట్నం పైన కొండవాలులో మా ఊరు యానాయాకు. కాఫీ ఉంది, అరటి ఉంది, కానీ కాఫీ ఆకులకి తుప్పు తెగులు తగిలిన ప్రతిసారీ మమ్మల్ని బతికించింది వల. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు సీతాకోకచిలుకలు పట్టి లీమాలో ఒక మ్యూజియానికీ, విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదార్లకీ అమ్మేవాళ్లు. ఇసుక ఈగలతో కుట్టించుకుని మొహాన పుండ్ల మచ్చలు తెచ్చుకునేది మేము. పెట్టెలో గుండుసూదికి గుచ్చిన చీటీ మీద మాత్రం కొన్నవాడి పేరుండేది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్నే. అయితే ఈ అన్యాయం అర్థం కావడానికి ఆరో తరగతి అక్కర్లేదు. ఇల్లిల్లూ తిరిగి, తిట్టి, బతిమాలి, పట్టేవాళ్ల సంఘం పెట్టించాను. దానికి సెక్రటరీని నేనే. చీటీ మీద పట్టినవాళ్ల పేరు ఉండి తీరాలన్నది మా ఒకే ఒక్క డిమాండు. ఏళ్ల తరబడి అరిస్తే, ఆ సీజను ముగిసేలోపు ఒప్పందం మీద సంతకం పెడతామని మ్యూజియం వాళ్లు ఒప్పుకున్నారు.

మా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, యరాంగియా.

నా చిన్నప్పుడు బ్రెమెర్ అని ఒక జర్మన్ మా నాన్న సోసిమో యరాంగా దగ్గర గాజురెక్కల సీతాకోకచిలుకలు కొనేవాడు. అవి చేదు పురుగులు. పిట్టలు వాటి జోలికి పోవు. అందుకని రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే చిమ్మటల్లో కొన్ని వాటి వేషం వేసుకుని, పట్టపగలు వాటి మధ్యే తిరుగుతాయి. అదే పారదర్శకమైన రెక్క, అదే నారింజ అంచు, అదే నీరసపు ఎగురుడు. అలాంటిదొకటి నాన్న అమ్మిన పెట్టెలో బ్రెమెర్ కంటబడింది. రెక్కల్ని కలిపి పట్టే సన్నటి ముల్లు ఉంది కాబట్టి అది చిమ్మట. మీసాల చివర గుండు ఉంది కాబట్టి సీతాకోకచిలుక. రెండూ ఒకే ఒంటి మీద. బ్రెమెర్ ఎగిరి గంతేసి, దానికోసం పురుగుల లెక్కలో ప్రజాతి అనే కొత్త గుంపు కట్టి, మా ఇంటిపేరు మీద యరాంగియా అని పేరుపెట్టాడు. తర్వాత ఆ పురుగును మ్యూజియానికి ఇచ్చి వెళ్లిపోయి తన దేశంలో చచ్చిపోయాడు. అలాంటి పురుగు మళ్లీ ఎవరికీ దొరకలేదు. ఉన్నది ఆ ఒక్కటే. మా ఊరి బడి గోడ మీద దాని బొమ్మ ఉంది. మా సంఘం జెండా మీద దాని బొమ్మ ఉంది. పట్టినవాడి పేరుకి విలువ లేదని ఎవడైనా అంటే నేను ఆ జెండా చూపించేదాన్ని.

నోర్కా వచ్చిన రోజు మధ్యాహ్నం యూకా దుంపలు, వేయించిన చేపలు తింటున్నాం. దాని చదువు ఆ వేషగాళ్ల మీదే. గాజురెక్కల వేషం వేసే చిమ్మటల్ని పెట్టెల్లోంచి తీసి మళ్లీ పరిచి, ఏవి అక్కచెల్లెళ్లో, ఏవి దాయాదులో, ఏవి పరాయివో తేల్చడం. అది చేప ముల్లు తీస్తూ చెప్పింది. నాన్న పట్టిన చిమ్మట కాలిముక్క పరీక్ష చేయించారట. అది పాత ప్రజాతిలోదేనని వచ్చిందట. పొట్ట లోపలి భాగాలూ ఆ మాటే చెబుతున్నాయట. అడ్డం వస్తున్నవి మీసాలు మాత్రమేనట.

"అయితే?" అన్నాను.

"అయితే ఆ మీసాలు దానివి కావక్కా."

నా ముద్ద నోట్లోనే ఉండిపోయింది. లీమా నీళ్లు నీకు బాగా ఒంటబట్టాయే, కన్నవాడి పేరు కొట్టేసి పట్టా తెచ్చుకుంటావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అదేమీ తక్కువ తినలేదు. నీకు కోపమొచ్చిందని పురుగు మీసం మారదు, ఈ అరుపులు సంఘంలో అరుచుకో, ఇక్కడ కాదు అంది. నాన్న మా ఇద్దరి మధ్య కూర్చుని, చేపలో ఉప్పు తక్కువైందని మాత్రం అన్నాడు.

మా ఊళ్లో చదువుకున్నవాళ్లకీ చదువుకోనివాళ్లకీ తెలిసిన సంగతొకటి ఉంది. అతుకు. వలలో పడ్డ సీతాకోకచిలుక కొట్టుకుంటుంది. ముందు విరిగేవి మీసాలే. మీసం లేనిదాన్ని ఏ కొనుగోలుదారూ ముట్టుకోడు. కాబట్టి ప్రతి ఇంట్లో అగ్గిపెట్టె నిండా విడి మీసాలుంటాయి. చెడిపోయిన రెక్కలవాటి నుంచి తీసి దాచినవి. విరిగినదాన్ని తడి ఇసుక డబ్బాలో మెత్తబెట్టి, అదే రకం మీసం వెతికి, సూదిమొనతో చుక్క లక్క పెట్టి అతికిస్తారు. ఇది దొంగతనమని మాకెవరూ చెప్పలేదు. ఇది పనితనమనే చెప్పారు. కొనేవాళ్లకీ తెలుసు. తెలిసి అడగరు. ఆ పనిలో మా నాన్నని మించినవాడు లోయ మొత్తంలో లేడు. భూతద్దం పెట్టినా అతుకు కనపడనిచ్చేవాడు కాదు.

నోర్కా అడగాల్సింది అడిగింది. "నాన్నా, ఆ పురుక్కి నువ్వు అతికించావా?"

నాన్న నిజంగానే ఆలోచించాడు. "మీసాలు ఉండుంటే వదిలేసుంటాను. లేకుంటే అతికించుంటాను. ఎన్ని వందలకి అతికించానో, ఏదని గుర్తుంటుందే తల్లీ."

"ఒకవేళ అతికించుంటే, ఏవి అతికించుంటావు?"

"గాజురెక్కదానికి గాజురెక్కవే. పందికి గుర్రం తోక పెడతానా."

నోర్కా నా వైపు చూసింది. నాకు అర్థమైంది, అర్థం కానట్టు కూర్చున్నాను. అది సీతాకోకచిలుకేననుకుంటే, ఊడిన మీసాల చోట ఆయన సీతాకోకచిలుక మీసాలే పెడతాడు. పిట్టల్ని ఏమార్చిన వేషం నాన్ననీ ఏమార్చి ఉంటుంది.

మాట ఊళ్లో పాకింది. సంఘం ప్రెసిడెంటు అబ్దియాస్ మా వాకిట్లోకి వచ్చి, నోర్కా వినేలాగే నాతో మాట్లాడాడు. సెక్రటరమ్మా, మీ పండితురాలికి చెప్పు, పురుగులన్నీ ఎక్కడికీ పోవు, మ్యూజియం సంతకం అయ్యాక తీరిగ్గా లెక్క తేల్చుకోమను అన్నాడు. అతను వెళ్లాక అదే మాట నేనూ నోర్కాతో అన్నాను. సిగ్గుపడకుండానే అన్నాను. సమ్మెలు నడిపినదాన్ని, ఏ మాట ఎప్పుడు బయటపెట్టాలో నాకు తెలుసనుకున్నాను.

"వాళ్ల సంతకం కోసం, అచ్చుకి పంపే వ్యాసం మీద నా సంతకం ఆపమంటావా?" అంది నోర్కా. "ఇది లీమాలో ఎవరికీ తెలీదనుకుంటున్నావా? డాక్టరుగారు ఎప్పుడో అనుమానించారు. పై వారం వస్తున్నారు."

డాక్టర్ ఇనోస్త్రోసా మ్యూజియంలో చిమ్మటల పెద్ద, నోర్కా చదువుకి గురువు, మా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సినవాడూ ఆయనే. జీపు దిగి నాన్నకి చెయ్యి కలిపి, మా అరుగు మీద ఫొటోలు పరిచాడు. మీసాల మొదలు ఎంత పెద్దదిగా కనిపించిందంటే, కంట్లో వేలు పెట్టినట్టుంది. అక్కడ ఒక మెరుపు. లక్క మెరుపు.

నాన్న ఫొటోని వెలుగులోకి తిప్పి చూసుకున్నాడు. "కొంచెం ఎక్కువ పడింది," అన్నాడు.

డాక్టరు మెత్తటి మనిషే. గొంతు పెంచలేదు. ఆ ప్రజాతి రద్దవుతుందనీ, నకిలీ నమూనా ఆధారంగా కట్టినదని వ్యాసంలో రాయాల్సి వస్తుందనీ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నకిలీ చేసిందెవరని అడిగాను. అమ్మినవాళ్లు అన్నాడు.

"మీసం లేనిదాన్ని మీరు ఏనాడైనా కొన్నారా?"

"ఆ రోజుల్లో నేను లేను, ఎదెల్మిరా."

"ఈ రోజుల్లో ఉన్నారుగా. నిరుడు అబ్దియాస్ పంపిన పెట్టె ఎందుకు తిప్పికొట్టారు? అన్నీ మంచివే. మీసాలు ఊడాయన్నారు. అతను మళ్లీ అతికించి పంపితే కిక్కురుమనకుండా తీసుకున్నారు."

ఆయన ఫొటోలు సర్దుకున్నాడు. తర్వాత అన్న మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. "చీటీ మీద పేరు కావాలని అడుగుతున్నది మీరు. మంచిదే. పేరు ఉంటే, దాని పైన గుచ్చి ఉన్నదానికి జవాబు చెప్పే పూచీ కూడా ఉంటుంది. ఈ పురుగు మీద యరాంగా అని ఉంది. జవాబు ఎవరు చెబుతారు?"

నేను నాన్న వైపు చూశాను.

అదే రకం చిమ్మట ఇంకొకటి తాజాగా దొరికితే దాని అసలు మీసాలు చూసి అన్నీ సక్రమంగా రాయొచ్చనీ, దొరక్కపోతే తనకి తెలిసినంతే రాస్తాననీ డాక్టరు చెప్పాడు. సంఘం సమావేశానికి వస్తానని జీపు ఎక్కాడు.

నాన్న బల్ల మీద నుంచి లేచాడు. "అది చావలేదు. నేను దాన్ని పట్టిన వాగు పైన ఉంటుంది. ఎవరూ వెతకలేదు, అందుకని దొరకలేదు. పొద్దున్నే వెళ్దాం."

నోర్కా వద్దంది, ఆయన మోకాళ్లు చూపించింది. నేను అవునన్నాను. నేను అవునన్నది సైన్సు కోసం కాదు. దానికి నిజంగానే గుండు మీసాలు ఉండి తీరాలని, ఆ ఫొటోలు నోళ్లు మూసుకోవాలని.

చాలా రోజులు ఎక్కాం, దిగాం. తేలుకొండిలా వంకీ తిరిగిన పూలుండే ఒక కలుపు మొక్క ఉంటుంది. దాన్ని పీకి ఎండబెట్టి తాడుకి కడితే, ఆ వాసనకి గాజురెక్కల మగవి గుంపులుగా వస్తాయి. వాటి గుంపులోనే వేషగాడు తిరుగుతాడు. నాన్న వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని మాకు చోట్లు చూపించేవాడు. ఆయన కళ్లకి గాజురెక్కలు ఆనడం మానేసి చాలా కాలమైంది. నోర్కా నాకొక గుర్తు చెప్పింది. ఆకు మీద వాలాక సీతాకోకచిలుక రెక్కలు మూసి నిలబెడుతుంది, చిమ్మట పరిచి పడుకోబెడుతుంది, రంగులు చూడకు, కూర్చునే తీరు చూడు అంది. మేమిద్దరం ఆ రోజుల్లో ఆ ఒక్క విషయమే మాట్లాడుకున్నాం. దారి పొడుగునా ఒకరి వెనక ఒకరం నడిచాం.

ఒక పూట నోర్కా వాగు మలుపు అవతల ఉంది. నేను పైన ఫెర్న్‌ల మధ్య ఉన్నాను. ఒకటి ఆకు మీద వాలింది. నారింజ అంచు, గాజు రెక్క, మిగతావాటిలాగే. వాలి, రెక్కలు రెండు వైపులా పరిచేసింది, అలిసిపోయి చాప మీద పడుకున్న మనిషిలా. వల వేశాను. గుడ్డ మడతలో పట్టుకుని కంటి దగ్గర పెట్టుకున్నాను.

మీసాలు దువ్వెన పళ్లలా ఉన్నాయి. చివర ఏమీ లేదు.

కింద నాన్న నీళ్లు తన్నుతున్న చప్పుడు వినిపిస్తోంది. నోర్కా కనిపించడం లేదు. వల గుడ్డ నా రెండు వేళ్ల మధ్య ఉంది. వేళ్లు విప్పితే అది పోతుంది. పోతే, మళ్లీ దొరకలేదు అంటే చాలు. బడి గోడ అలాగే ఉంటుంది, జెండా అలాగే ఉంటుంది, నకిలీ అన్నవాడి మొహాన రుజువేదని నేను జీవితాంతం అరుచుకోవచ్చు. అరవడం నాకు వచ్చిన పని.

వల మూతి మెలిపెట్టి, వాగులోకి దిగాను.

"దొరికిందా?" అన్నాడు నాన్న. నా నడక విని కనిపెట్టాడు. "మీసాలు ఎలా ఉన్నాయి?"

"దువ్వెన పళ్లలా. గుండు లేదు నాన్నా."

ఆయన తన పాదాల మీదుగా పోతున్న నీళ్లని చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. "పిట్టలు వెర్రివనుకున్నానే ఇన్నాళ్లూ. నన్నూ బుట్టలో వేసింది. లోయంతా నన్ను ఉస్తాదంటుంటే, ఆ పెట్టెలో కూర్చుని అది నన్ను చూసి ఎంత నవ్వుకుందో."

నోర్కా పరుగెత్తుకొచ్చి వలలోకి చూసింది. నేను పట్టుకొచ్చినందుకు మెచ్చుకోలేదు. మెచ్చుకుని ఉంటే వాగులో తోసేదాన్ని.

ఇంటికొచ్చాక సూదికి గుచ్చడం తనే చేస్తానన్నాడు నాన్న. మేం కాదనలేదు. రెక్కలు పరిచాడు, కాళ్లు సర్దాడు. చివర్లో వేలు తగిలింది. కుడి మీసం మొదలంటా విరిగి బల్ల మీద పడింది. నోర్కా కళ్లు మూసుకుంది. నాన్న చెయ్యి అలవాటు కొద్దీ లక్క సీసా మీదికి పోయి, మూత మీద ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది. విరిగిన మీసాన్ని సిగరెట్ కాగితంలో మడిచి, అదే సూదికి కింద గుచ్చాడు.

"ఇక పేరు పోయినట్టేనా?" అని నోర్కాని అడిగాడు. చంటిపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

నోర్కా చెప్పింది. అచ్చయిన పేరు ఎక్కడికీ పోదట. ప్రజాతి రద్దయినా, పాత ప్రజాతి పేరు కింద చెల్లని పేర్లని ఒక వరుస రాస్తారట. ఎవరు ఎప్పుడు ఈ చిమ్మటల గురించి రాసినా ఆ వరుస రాసి తీరాలట. యరాంగియా అక్కడ ఉంటుంది, చెల్లదు, అయినా చెరపడానికి లేదు.

"చెల్లని పేరుతో బతకడం మనకేం కొత్త," అన్నాను. నాన్న తలూపాడు. ఆ సీజనులో మొదటిసారి నోర్కా, నేను ఒకే మాటకి నవ్వాం.

సమావేశం రోజు కాఫీ గిడ్డంగిలో బల్లలు వేశాం. మ్యూజియానికి వెళ్లాల్సిన ఆ సీజను పెట్టెలన్నీ బల్లల మీద పేర్చి ఉన్నాయి. డాక్టరు ఒప్పందం కాగితాలు తెచ్చాడు. నేను ఏం మాట్లాడాలో వారం నుంచి తయారు చేసుకున్నాను. మాట్లాడే అవసరం రాలేదు. నాన్న చిమ్మట ఉన్న చిన్న పెట్టె పట్టుకుని ముందుకు నడిచాడు. జనం దారి ఇచ్చారు.

"డాక్టరుగారూ, జవాబు ఎవరు చెబుతారని నా కూతుర్ని అడిగారు. నేను చెబుతాను. అతికించింది నేను. సోసిమో యరాంగా. ఇది సీతాకోకచిలుకేననుకుని అతికించాను. పొరబడ్డాను, రాసుకోండి. అతికించకపోతే కొనేవాళ్లు లేరు, అదీ రాయండి. రెండూ రాస్తే ఇది మీది. ఒకటే రాస్తే నాది."

డాక్టరు చిమ్మటని చూశాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్నదాన్ని చూసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నాకు ఆయన మీద జాలి కూడా వేసింది, ఒక్క క్షణం. మొదటి సంగతి రాస్తానన్నాడు. రెండోదానికి ఆధారాలు లేవన్నాడు. సంస్థ మీద నింద అవుతుందన్నాడు. నకిలీ అనే మాట నియమాల ప్రకారం సరైనదేనన్నాడు. ఈ గొడవ తేలేదాకా ఒప్పందం పక్కన పెడదామని, అందరూ శాంతంగా ఆలోచించాలని చెప్పాడు.

నేను లేవబోయాను. నోర్కా నా పాదం మీద కాలేసి తొక్కి, తను లేచింది.

"డాక్టరుగారూ, ఆ వ్యాసంలో నా పేరు మీ పేరు పక్కన ఉంది. నకిలీ అని ఉంటే నేను సంతకం పెట్టను."

"నోర్కా, ఇది నీ పట్టా."

"తెలుసండీ."

"ఏడాది పోతుంది. రెండేళ్లు కూడా పోవచ్చు."

"పోనివ్వండి. మీరు పెంచిన విద్యార్థినే కదా, మీసాలు ఎలా వచ్చాయో తెలిసి సగం రాయమంటే ఎలా రాస్తాను."

ఆ తర్వాత జరిగింది నేను చేయించలేదు. చేయించానని లీమాలో ఇప్పటికీ అంటారు, అననీ. అబ్దియాస్ లేచాడు. నోరు మూసుకోమన్న ఆ అబ్దియాసే. బల్ల దగ్గరికి వెళ్లి, తన పెట్టె తీసి చంకలో పెట్టుకున్నాడు. "నావాటిలో సగం అతుకులే. అతుకులని రాసి తెస్తాను. అప్పుడు తీసుకుంటే తీసుకోండి." తర్వాత ముసలి రొసావురా లేచి తన పెట్టెలు తీసుకుంది. ఆ తర్వాత అందరూ. ఎవరూ అరవలేదు. కుర్చీలు జరిగిన చప్పుడే. బల్లలు ఖాళీ అయ్యాక డాక్టరు కాగితాలు సంచిలో పెట్టుకుని, నాన్నకి మళ్లీ చెయ్యి కలిపి, ఖాళీ జీపుతో కిందికి దిగాడు.

ఆ తర్వాతి నెలల గురించి గొప్పలు చెప్పను. కష్టంగానే గడిచింది. సంఘం పేరు మీద ఒక్క పెట్టె కూడా ఊరు దాటలేదు. విదేశీ కొనుగోలుదార్లు పక్క లోయకి పోయారు. ఇద్దరు ముగ్గురు చాటుగా అక్కడికి పట్టుకెళ్లి అమ్మారు. ఎవరో నాకు తెలుసు, పేర్లు చెప్పను, పిల్లలున్న ఇళ్లు. నోర్కా పట్టా ఆగిపోయింది. అది పొద్దున కాఫీ గింజలు ఏరి, మధ్యాహ్నం అరుగు మీద తన చిమ్మటల్ని పరుచుకునేది. ఊళ్లో ఎవరికి ఏ వేషగాడు దొరికినా తెచ్చిచ్చేవారు. ఏ ప్రజాతి ఏ ఆకు తింటుంది, ఏది ఎవరి వేషం వేస్తుంది, అన్నీ రాసుకునేది. నేను వంట చేస్తూ అరుస్తుంటే, ఆ పేర్లు నాకు నేర్పేది. కొన్ని నేర్చుకున్నాను. ఎక్కువ మరిచిపోయాను.

మారింది నాన్న. మా ఇంట్లో అమ్ముడుపోకుండా మిగిలిన పెట్టెలన్నీ దింపించాడు. ఒక్కోదాన్ని తడి ఇసుక డబ్బాలో మెత్తబెట్టి, తన చేత్తో అతికించిన మీసాల్ని తన చేత్తోనే తీశాడు. అతికించడానికి ఎంత నేర్పు కావాలో ఊడదీయడానికీ అంతే కావాలి. రోజుకి కొన్ని చొప్పున. ఏ మీసం సొంతదో, ఏది అతుకో తెలియనివాటిని నోర్కా చూసి చెప్పేది. చివరికి గోడ పొడుగునా మీసాల్లేని సీతాకోకచిలుకలు, గుండు గీయించుకున్నవాళ్లలా. ప్రతిదాని కిందా చీటీ, పట్టినవాడి పేరు. సంఘంలో తీర్మానం చేశాం. యానాయాకు నుంచి ఇక అతుకు పోదు. విరిగింది విరిగినట్టే పోతుంది. కావాలంటే తీసుకోండి, లేకపోతే మానండి.

తొలి వానలు పడ్డాక, రోడ్డు జారుతుంటే, డాక్టర్ ఇనోస్త్రోసా బురద కొట్టుకున్న జీపులో వచ్చాడు. ముందుగా కబురు చెయ్యలేదు. సన్నబడ్డాడు. తడి బూట్లు విప్పి, మా అరుగు మీద కూర్చుని, నాన్న ఊడదీసిన పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఎంతసేపు చూశాడంటే నేను కాఫీ రెండోసారి కాచాను. తర్వాత నోర్కా చేతికి అచ్చుకి వెళ్లాల్సిన కాగితాలు ఇచ్చాడు. నోర్కా చదివి నాకిచ్చింది. నకిలీ అన్న మాట లేదు. అతికించిన నమూనా అని ఉంది. ఎవరు అతికించారో ఉంది. మీసాల్లేనివాటిని ఆ కాలంలో కొనుగోలుదార్లూ సంస్థలూ తిరస్కరించేవని ఉంది. ఆ కాలంలో అన్న చోట నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన కలం తీసి, ఇటీవలి వరకూ అని దిద్దాడు. చీటీల మీద పేర్ల ఒప్పందం కూడా తెచ్చాడు. పూచీ గురించి ఒక వాక్యం అదనంగా ఉంది. నేను దాన్ని చదివి వినిపిస్తే నాన్న మంచి వాక్యమే అన్నాడు.

ఇక చిమ్మట. నాన్న చిన్న పెట్టె తెచ్చి మూత తీశాడు. డాక్టరు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. సూది కింద మడిచిన సిగరెట్ కాగితం విప్పి, అందులోని మీసాన్నీ చూశాడు. కెమెరా బయటికి తీసి, కొంచెం తటపటాయించి, నాన్నని పెద్దమనిషిని పిలిచినట్టు దోన్ అని పిలిచాడు.

"దోన్ సోసిమో, ఇది దీని సొంత మీసమే కదా. ఫొటోలో రెండూ ఉంటే చదివేవాళ్లకి స్పష్టంగా ఉంటుంది. మీ చెయ్యి మీద నాకు నమ్మకముంది. ఇదొక్కటి అతికించి పెట్టగలరా?"

నోర్కా తలెత్తింది. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. నాన్న మాత్రం ఆయన అడిగింది మామూలు మాటేనన్నట్టు విన్నాడు.

"పెట్టనండి," అన్నాడు. "ఒకటి ఒంటి మీదుంది, ఒకటి కాగితంలో ఉంది. పక్కపక్కన పెట్టి తీసుకోండి."

డాక్టరు కాగితాన్ని చిమ్మట పక్కన పరిచి, మసక వెలుతురులో వంగి ఫొటో తీయడం మొదలుపెట్టాడు. గాలికి కాగితం లేవకుండా నాన్న దాని అంచు మీద వేలు పెట్టి పట్టుకున్నాడు.

"మీ వేలు ఫొటోలో పడుతోంది, దోన్ సోసిమో."

"పడనివ్వండి," అన్నాడు నాన్న.